సెంటు సీసా మెడకు ఆ రేకు ఊడేదాకా

మా పార్లర్లో పోగుపడ్డ క్రీము, సెంటు ఖాళీ డబ్బాల గోనెసంచి ఎట్టకేలకు గుజిరీ అంగడికి కదిలింది. ఈ చేతి మంట తగ్గకముందే రాసేస్తున్నా, తిరుపతిలో ఇంకెవరైనా ఈ పని పెట్టుకుంటే పనికొస్తుంది.

క్రీము డబ్బాలు, షాంపూ సీసాలు తేలిక. అడుగంటిన క్రీము పాత గుడ్డతో తుడిచి, శనగపిండి చల్లి జిడ్డు లాగేశాక గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. కాగే నీళ్లు పోస్తే పెట్ (మంచినీళ్ల సీసాలకు వాడే ప్లాస్టిక్) సీసా ముడుచుకుపోతుంది. అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకం చెప్పే 1, 2, 5 అంకెలుంటే గుజిరీ అంగట్లో అడ్డు చెప్పలేదు. అంకె లేకుంటే చిన్న ముక్క కత్తిరించి నీళ్లలో వేయండి. తేలితే పాలీప్రొపిలీన్ లేదా పాలిథీన్, మునిగితే పెట్టో, కాంపాక్టు పౌడరు డబ్బాలకు వాడే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటిదో. కాంపాక్టులో అద్దం, అయస్కాంతం ఊడదీసి ఇవ్వాలి.

డియోడరెంట్ డబ్బాను గాలి శబ్దం ఆగేదాకా ఆరుబయట మీట నొక్కి ఖాళీ చేయండి. మేకుతో పొడవొద్దు, లోపలుండేది చాలావరకు వంటగ్యాసు జాతి వాయువే. 50 డిగ్రీలు దాటే వేడి తగలనివ్వొద్దని డబ్బా మీదే ఉంటుంది, మన ఎండల్లో స్కూటర్ డిక్కీలో పెట్టి మరిచిపోకండి. అయస్కాంతం అతుక్కోకపోతే అది అల్యూమినియం, ఇనుము ధరకు ఇచ్చేయొద్దు.

ఇక సెంటు సీసాలు. అంగడాయన నలుగురి ముందూ వాటిని నా సంచిలోకే తిరిగి విసిరేసి, "ఇది గాజూ కాదు, రేకూ కాదు, తీసుకుపో అక్కా" అన్నాడు. విసిరిన తీరుకు ఒళ్లు మండింది గానీ మాటలో తప్పు లేదు. పంపును గాజు మెడకు పట్టి ఉంచేది అల్యూమినియం రేకు, దాని అంచు గాజు పెదవి కిందికి నొక్కేసి ఉంటుంది. ఆ రేకు గాజు కొలిమిలోకి పోతే గాజులో ఉండే సిలికాతో కలబడి చిన్న సిలికాన్ గోళీలు మిగులుస్తుంది, కొత్త సీసా సరిగ్గా అక్కడే పగులుతుంది. అందుకే మెడ మీద రేకున్నంతసేపు అది గాజు లెక్కలోకి రాదు.

ముందు మిగిలిన సెంటును పొయ్యికి దూరంగా, ఆరుబయట గుడ్డ మీదికి కొట్టి ఆరనివ్వండి. అందులో ఎక్కువ భాగం ఆల్కహాలే, నిప్పంటుకుంటుంది. మీట పైకి లాగితే ఊడుతుంది, దాని చుట్టూ ఉన్న అలంకారపు కాలరూ అంతే. అసలు రేకు కనపడ్డాక సీసాకు మందపు గుడ్డ చుట్టి, కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకుని, చిన్న కటింగ్ ప్లేయరుతో రేకును నిలువుగా ఒక గాటు పెట్టండి. గాటు అంచును నోస్ ప్లేయరుతో పట్టుకుని బయటివైపు కొద్దికొద్దిగా ఒలుచుకుంటూ సీసాను తిప్పాలి, నారింజ తొక్క తీసినట్టు. గాజు మీద ఆనించి మీటినా, మెలితిప్పినా పెదవి చిట్లుతుంది, ఆ చిట్లు నేరుగా వేలికే. స్క్రూ మెడ సీసాలకు ఈ బాధే లేదు, చేత్తో తిప్పితే పంపు వచ్చేస్తుంది. కొనేటప్పుడే మెడ చూసుకోండి, వాసన తర్వాత చూద్దురు.

ఖాళీలు వెనక్కి తీసుకుంటామని గోడ మీద ఆకుపచ్చ ఆకులు అంటించుకున్న ఒక పెద్ద బ్రాండు దుకాణానికీ వెళ్లా. తమ బ్రాండువే అట, సెంటు సీసాలు వద్దట, నెయిల్ పాలిష్ వద్దట. మరి ఆ ఆకులెందుకు? ప్లాస్టిక్ ప్యాకింగ్ తయారుచేసిన వాళ్లూ, అందులో సరుకు అమ్మే బ్రాండ్లూ దాని బాధ్యత మోయాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి, కౌంటర్లో పిల్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు.

ఇంకోటి. అట్టపెట్టెతో సహా ఖరీదైన ఖాళీ సీసా కావాలని మంచి ధర చెప్పేవాళ్లు తగులుతారు. ఆశపడకండి. ఆ సీసాలో నకిలీ నింపి మళ్లీ మనకే అంటగడతారు. లేబుల్ గీకేసి, పెట్టె చింపేసి ఇస్తేనే ఆ దారి మూసుకుంటుంది.

రేకులు విడిగా దాచి అల్యూమినియం కింద వేస్తే ఈసారి అదే అంగడాయన మారు మాట్లాడకుండా తూకం వేశాడు. ప్లాస్టిక్, స్ప్రింగు, గోళీ కలిసిన పంపు ముక్కల్ని మాత్రం ఎవరూ తీసుకోరు, అవి చెత్తే. నెయిల్ పాలిష్ సీసాలు అడుగున రంగు మిగిలి ఉంటే పొడిచెత్తలో వేయకుండా, మూత బిగించి, ఇంటి ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వండి.