పొగడచెట్టు పాదు

మన బడి పాత విద్యార్థుల సమావేశానికి వేసే సంచిక కమిటీ తరఫున లఘువు ఫోన్ చేశాడు. ఇందులో అన్నీ బడిలో పడ్డ పేర్లే. "రెండు పేజీలు రాయరా, నెలాఖరుకల్లా పంపు. నువ్వు రాయకపోతే ఉత్పలమాల ఊరుకోనంది" అన్నాడు. ఆవిడ పేరు చెప్పాక ఇంక తప్పించుకునే దారేముంది? సరేనన్నాను.

గొడుగు సంగతి గగ్గోలు రాస్తాడు. తెర పడని నాటకం గురించి కవలల్లో ఎవరో ఒకరు రాయకుండా ఉండరు. రెండో గంట కొట్టింది ఎవరన్నది ఈసారైనా యతిభంగం ఒప్పుకుంటాడేమో చూడాలి. నా దగ్గర ఉన్నవి ఒక మధ్యాహ్నం, ఆ తర్వాతి వారం రోజులు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా ఏం చదివానో, ఎవరి పక్కన కూర్చున్నానో ఎంత తవ్వుకున్నా పైకి రావడం లేదు. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం 46 ఏళ్లయినా నిన్నటిలా ఉంది.

పదో తరగతి. పెద్దన మనుచరిత్ర పాఠంలో ప్రవరుడు హిమాలయం మీద దిగిన రోజు. తెలుగు మాస్టారు పుస్తకం తెరవకుండానే "అటజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ" అని ఎత్తుకున్నారు. రెండుసార్లు చదివారు. మూడోసారి మనందరి చేతా చదివించారు. ఆ సమాసం ఊపిరాడనివ్వదు కదా, "ముహుర్ముహుర్లుఠ" దగ్గర సగం మందిమి ఆగిపోయాం. ఆయన ఏమీ అనలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి, మనవైపు తిరక్కుండానే అడిగారు: "ఆ కొండ మీద చెట్లు ఊగుతున్నాయి. ఊపుతున్నది ఎవరు?"

తరగతి మొత్తం ఒకే గొంతుతో "గాలి, సార్" అంది.

"పద్యంలో గాలి ఎక్కడుందో చూపించండి."

వెతికాం. సెలయేళ్లున్నాయి, అలల చప్పుడు మద్దెలలా మోగుతోంది, నెమళ్లు పురివిప్పి ఆడుతున్నాయి. గాలి లేదు. చివరికి ఉత్పలమాలే లేచి, "కటక చరత్కరేణు కర కంపిత సాలము. ఏనుగులు సార్, తొండాలతో" అంది. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "పెద్దన చూశాడు. మీరు ఊహించారు."

అక్కడితో వదిలిపెట్టలేదాయన. అది చంపకమాల కదా, పాదానికి 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతి, అంటే మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు. మొదటి అక్షరం 'అ', పదకొండోది 'డం'. 'అ'కీ 'డం'కీ ఏం చుట్టరికం అని అడిగారు. యతిభంగం ధైర్యంగా "పెద్దన యతి తప్పాడు సార్" అన్నాడు. వాడికి ఆ పేరు ఆ రోజే పడింది. భూమిసురుఁడు, అంబరము కలిసినప్పుడు అంబరంలోని 'అ' వెళ్లి 'డు'లో దాక్కుందని, యతి నిలబడింది ఆ కనిపించని అకారం మీదేనని మాస్టారు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి చూపించారు. అప్పుడు అది నాకు వ్యాకరణంలానే వినిపించింది.

గంట కొట్టాక కూడా వదలకుండా మనల్ని బయటికి తీసుకెళ్లి, ఆవరణలోని చెట్టు కింద నిలబెట్టారు. "ఇప్పుడు దీన్ని ఊపుతున్నది ఎవరో చూసి చెప్పండి." ఉడుత అన్నాడు లఘువు. ఎండుకొమ్మ విరిగి పక్క కొమ్మ మీద వేలాడుతోంది, దాని బరువు అన్నాడు గగ్గోలు. నాకు ఏమీ కనిపించలేదు. అదే చెప్పాను. "అది కూడా చూడటమే" అన్నారాయన.

ఆ వారానికి ఇచ్చిన ఇంటిపని మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మీ ఇంట్లోనో, మీ దారిలోనో ఒక చెట్టును ఎంచుకోండి. దాన్ని ఎవరు నాటారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఒక ఆటవెలది రాయండి. వెన్నెల, కోయిల, మలయమారుతం అన్న మాటలు వాడితే కాగితం వెనక్కి ఇచ్చేస్తానన్నారు.

మా పెరట్లో పొగడచెట్టు ఉండేది. నాయనమ్మ రోజూ దాని పాదులో నీళ్లు పోసేది. తెల్లవారేసరికి రాలిన పూలను ఒళ్లో ఏరుకుని కూర్చునేది. పొగడపువ్వుకు సూది అక్కర్లేదు, నడుమ కన్నం ఉంటుంది. దారం చివర కాస్త తడిపి నేరుగా ఎక్కించేయొచ్చు. ఆ దండలు ఆవిడ ఎప్పుడూ తలలో పెట్టుకోగా చూడలేదు. గోడ మేకుకు తగిలించి ఉండేవి. ఎండి, నల్లబడి, అప్పటికీ వాసన పోయేది కాదు.

"ఈ చెట్టు ఎవరు నాటారు నాయనమ్మా?" అని అడిగాను.

ఆవిడ చేతిలో దారం ఆగింది. నాన్న తర్వాత ఒక ఆడపిల్ల పుట్టిందని, ఆ పిల్ల పుట్టిన ఏడు నాటిన మొక్క ఇదని, నాలుగో ఏట జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయిందని చెప్పింది. నాకు ఒక మేనత్త ఉండేదని 15 ఏళ్లు వచ్చాక, ఇంటిపని పుణ్యాన తెలిసింది. ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. ఫొటో లేదు, ఒక గౌను ముక్కయినా లేదు. ఉన్నదల్లా ఆ చెట్టే. రోజూ దాని కిందే ఆడుకునేవాణ్ణి.

మూడు రాత్రులు కూర్చుని రాశాను. వేళ్ల మీద గణాలు, అంటే గురువులనే బరువైన, లఘువులనే తేలికైన అక్షరాల గుంపులు, లెక్కపెట్టుకుంటూ, చాప మీద వెల్లకిలా పడుకుని రాశాను.

పాప పోయె, చెట్టు పాదులో మిగిలెను
నీళ్లు పోయు చేయి నిలువలేదు
రాలు పూలనేరి రాలేని పాపకై
దండ గుచ్చుచుండె తల్లి మనసు

మాస్టారు ఎర్రసిరా వాడలేదు. పెన్సిల్‌తో, చిన్న అక్షరాలతో అంచున రాశారు: "యతులు పడ్డాయి. గణాలు సరే. మనసు దండ గుచ్చదు." నాకు అర్థం కాలేదు. అందరికీ చివర నన్ను పిలిచి, "మీ నాయనమ్మ దండ గుచ్చుతుంటే నువ్వు ఏం చూశావు?" అని అడిగారు. వేలు అన్నాను. చూపుడువేలు కొస పువ్వు కన్నం దగ్గర కాస్త వణుకుతుంది. "మరి అది రాయి." మనసు మూడు లఘువుల నగణం, వేలు గురువు, లఘువు కలిసిన గలం. రెండూ ఆ చోట పడే సూర్యగణాలే, పాదం చెక్కుచెదరదు. 'తల్లి వేలు' అని దిద్దాను. ఒక్క మాట మారేసరికి నాయనమ్మ పద్యంలోకి వచ్చి కూర్చుంది.

తర్వాత రెండు పద్య సంపుటాలు అచ్చయ్యాయి. ఒకదానికి బహుమతి కూడా వచ్చింది. ఇంజనీరుగా 33 ఏళ్లు కట్టడాల దగ్గర నిలబడి కొలతలు తీసుకున్నాను. నేను రాసిన ఏ పద్యంలోనైనా నిలిచే పాదం ఉందంటే అది ఆ పెన్సిల్ రాత వల్లే. మా అమ్మాయి ఇప్పుడు వృక్షశాస్త్రం పాఠం చెబుతోంది. ఏడేళ్ల మనవరాలు ఏ ఆకు కనబడినా తెచ్చి నా అరచేతిలో పెట్టి పేరు అడుగుతుంది. తెలిస్తే చెబుతాను. తెలియకపోతే ఇద్దరం కలిసి ఆ చెట్టు దాకా నడుస్తాం.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. దిద్దిన పద్యం ఇంట్లో వినిపించమన్నారు మాస్టారు. వినిపించాను. నాయనమ్మ మొత్తం విని, కాసేపటికి, "దాని పేరు లేదేంరా ఇందులో?" అంది.

"గణానికి కుదరలేదు నాయనమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. మేనత్త పేరు రెండక్షరాలు, రెండూ గురువులే. గగం ఆటవెలదిలో ఏ గణమూ కాదు. ఆవిడ తలూపింది. మళ్లీ అడగలేదు. ఆ తర్వాత 11 ఏళ్లు బతికింది, ఒక్కసారి కూడా అడగలేదు.

30 దాటాక ఒకసారి ఏదో సభలో ఆ పద్యం చదవబోయి మూడో పాదం దగ్గర గొంతు పూడుకుపోయి కిందికి దిగిపోయాను. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు. పద్యం రాసిన పిల్లవాడికి 'రాలు', 'రాలేని' పక్కపక్కన బాగున్నాయని మాత్రమే తెలుసు.

ఇప్పుడు నాకు 61. అప్పటి నాయనమ్మ వయసుకు ఒకటి తక్కువ. ఈ మధ్య ఆ పద్యం చదువుకుంటే అందులో ఉన్నవాళ్లకన్నా లేనివాళ్లు ఎక్కువ కనిపిస్తున్నారు. తాతయ్య ఏడి? నాలుగు పాదాల్లోనూ లేడు. ఉన్నాడని నాకు తోచనే లేదు. సాయంత్రాలు ఆయన అరుగు మీద పెరటివైపు వీపు పెట్టి కూర్చునేవాడు. పూల వాసన వస్తే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. రాతిమనిషి అనుకున్నాను. ఆ మాట పద్యంలో రాయకపోయినా, ఆయన్ని అందులో లేకుండా చేసి రాసేశాను.

రెండేళ్ల క్రితం పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద పాత పంచెలో చుట్టిన పార ఒకటి దొరికింది. తుప్పు పట్టి, పిడి పురుగు తిని ఉంది. పారేయబోతే నాన్న వద్దన్నాడు. ఆయనకు 84. నిన్న ఎవరొచ్చారో చెప్పలేడు, ఆ పార సంగతి మాత్రం తడుముకోకుండా చెప్పాడు. మొక్కకు గొయ్యి తవ్వింది ఆ పారతోనే. తవ్వింది తాతయ్య. నాలుగేళ్ల తర్వాత పాప కోసం తవ్వింది కూడా దానితోనే, ఆయనే. ఆ రోజు ఇంటికొచ్చి పార కడిగి, తుడిచి, పైన పెట్టేశాడట. ఆ తర్వాత దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదట.

చెట్టు ఇప్పుడు లేదు. ఇల్లు చేతులు మారాక దాన్ని కొట్టేశారు. ఎండిన దండ ఒకటి నా దగ్గర ఉంది, డబ్బా మూత తీస్తే వాసన ఇంకా తెలుస్తుంది.

పార దొరికిన రోజే రెండో పద్యం మొదలుపెట్టాను. రెండు పాదాలు వచ్చాయి.

పాదు తవ్వినట్టి పారను దాచెను
చెట్టువైపు వీపు చేసె తాత

మూడో పాదం దగ్గర ఏడాది ఆగిపోయాను. మొన్న పొద్దున నడకలో హఠాత్తుగా వెలిగింది. మూడో పాదంలో నాలుగో గణం రగణం వేసి, ఐదోది భగణం వేస్తే, ఒకదాని చివరి గురువు, ఇంకోదాని మొదటి గురువు పక్కపక్కన వస్తాయి. రెండు గణాల అతుకు మీద రెండు గురువులు! మేనత్త పేరు సరిగ్గా అక్కడ పడుతుంది, 'డం'లో దాగిన అకారంలా. 15 ఏళ్ల వయసులో నాకు గణాలు వేళ్ల మీద ఉండేవి, వాటి మధ్య అతుకులు కనిపించలేదు. దారి పక్కనే ఉన్న రాతి మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

నాలుగో పాదం ఇంకా రాలేదు. సమావేశం నాటికి వస్తే తెస్తాను, రాకపోతే మూడే తెస్తాను. ఉత్పలమాలా, యతి నువ్వే చూడాలి. ఇంకొక్క మాట: మాస్టారు మన ఆటవెలదులన్నీ వరసగా పెట్టి, దారంతో కుట్టి, అట్ట వేసిన పుస్తకం మీలో ఎవరి దగ్గరో ఉంది. చివరిసారి లఘువు సంచిలో చూశాను. లఘువు తన దగ్గర లేదంటున్నాడు. ఎవరి దగ్గరున్నా అటకలు ఒకసారి దులపండి. ఆ పెన్సిల్ రాత నాకు ఇంకోసారి చూడాలని ఉంది.