విరిగింది చీలమండ దగ్గర, నొప్పి మోకాలికి

మెట్ల మీద జారి పడ్డాను. పాదం పక్కకు తిరిగిన తీరు చూస్తేనే ఎముక పోయిందని తెలిసిపోయింది. చీలమండకు నాలుగు వేళ్ల పైన టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక, ఏటవాలుగా విరిగింది, పక్కనున్న సన్న ఎముక ఫిబులా కూడా.

విరిగిన చోటే కోస్తారనుకున్నాను. అక్కడ చర్మం పల్చన, పైగా వాచి బొబ్బలెక్కింది. ఎముక మీద బిగించే ప్లేటు కోసం కోస్తే గాయం మానడం కష్టమని డాక్టర్ ఎముక లోపల పెట్టే రాడ్ వైపు మొగ్గారు. మోకాలి చిప్ప కింద కోసి, ఎముక లోపలి గొట్టంలోంచి కిందికి దింపారు. కింద ఆ గొట్టం బాగా వెడల్పు, రాడ్ వదులుగా ఉంటుంది. అందుకే అక్కడ వేర్వేరు దిక్కుల నుంచి 3 స్క్రూలు. నడుం కింది వరకే మత్తు కాబట్టి సుత్తి దెబ్బలు వినపడుతూనే ఉన్నాయి. నొప్పి లేదు గానీ, దెబ్బ దెబ్బకీ ఒళ్లంతా బల్ల మీద అదిరేది.

ఆ రాత్రి నర్సు గంటకోసారి లేపి వేళ్లు కదపమనేది, బొటనవేలు పైకి వంచి నొప్పి పెరిగిందా అని అడిగేది. విసుక్కున్నాను. కండరాల్లో ఒత్తిడి పెరిగితే కాలికే ముప్పని, దాని మొదటి గుర్తు ఆ నొప్పేనని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక కాలు మీద 20 కిలోలకు మించి బరువు వేయొద్దన్నారు. 20 కిలోలంటే ఎంతో కాలికేం తెలుసు? బరువు చూసే మిషన్ మీద ఆ పాదం ఆనించి, ముల్లు 20 దగ్గర ఆగేలా రోజూ అలవాటు చేసుకున్నాను. చీలమండ వ్యాయామాలు మాత్రం ఎగ్గొట్టాను. ఫలితం, పాదం పైకి లేవనంత బిగుసుకుపోయింది. తువ్వాలు పాదానికి వేసి లాగుతూ, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఫిజియోథెరపిస్ట్‌ని తిట్టుకుంటూ, 2 నెలలు పట్టింది వదులవడానికి.

మూడో నెల ఎక్స్‌రేలో విరిగిన గీత ఇంకా నల్లగానే ఉంది. కింది భాగానికి రక్తం తక్కువ అందుతుంది, నిదానమే అన్నారు. సిగరెట్ గురించి అడిగితే అబద్ధం చెప్పబోయి ఆగాను. ఆ రోజే మానేశాను. ఐదో నెలకు తెల్లగా కొత్త ఎముక పట్టింది, కర్ర వదిలేశాను.

విరిగిన చోట ఇప్పుడు నొప్పి లేదు. రాడ్ దిగిన మోకాలే సలుపుతుంది. తీయిద్దామంటే, తీసినా ఆ నొప్పి పోతుందని హామీ లేదన్నారు. మంచం కిందికి తాళాలు పడితే రెండో మోకాలు ఆనించి, ఈ కాలు బారజాపి తీస్తున్నాను.