లీటరు ప్యాకెట్, గ్లాసు నీళ్లు

మా పాపకు తొమ్మిది నెలలు. ఆమధ్య ఒక శనివారం రాత్రి ఒళ్లు కాలిపోతుంటే కడప ఎండలకేలే అనుకున్నాం, తెల్లారేసరికి బేదులు కూడా మొదలయ్యాయి. పొద్దున పదిలోపే ఆరుసార్లు. "పండ్లొచ్చే టైం కదమ్మా, అట్లే అవుతాయి, పాలు ఆపి చూడు" అంది మా అత్తమ్మ.

మా ఆయన ఏడురోడ్ల దగ్గరికి పోయి ఓఆర్ఎస్ తెచ్చాడు. లీటరు నీళ్లకు కలిపే పెద్ద ప్యాకెట్. ఇంత పిల్ల లీటరు ఎక్కడ తాగుతుందిలే అని నేను అందులో సగం తీసి ఒక గ్లాసు నీళ్లలో కలిపేశాను. రెండు స్పూన్లకే మూతి తిప్పుకుంది, అయినా బలవంతంగా ఇంకో నాలుగు పోశాను, నాలుక మీద వేసుకుని చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

సాయంత్రం ఆ సంగతి చెప్తే డాక్టరమ్మ రాసేది ఆపేసి నా మొహం చూసింది. లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు అని లెక్క కట్టి పెట్టిన పొడి అది, చిక్కగా కలిపితే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ కూడా రావచ్చంట. నాకు కాళ్లలో సత్తువ పోయింది. అదృష్టం బాగుండి తాగింది ఆరు స్పూన్లే.

ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, స్పూనుతో మెల్లగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ. తల్లిపాలు అస్సలు ఆపొద్దు అంది, అత్తమ్మ పక్కకు చూసింది. జ్వరం మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి రాసిచ్చింది. డ్రాప్స్ సిరప్ కంటే చాలా ఘాటు కాబట్టి ఒకదాని కొలత ఇంకోదానికి వాడొద్దంట, మా ఇంట్లో రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి! ఆరు గంటలు ఉచ్చ పోయకపోయినా, మాడు, కళ్లు గుంట పడినా, రక్తం కనిపించినా, పాప మత్తుగా పడుకుండిపోయినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురమ్మంది.

మూడోరోజుకు జ్వరం దిగింది, బేదులు తగ్గాయి. బేదులకని డాక్టరమ్మ రాసిన జింకు మందు మాత్రం, తగ్గినా సరే, 14 రోజులు పూర్తిగా వేయాల్సిందే. ఇంకా ఐదు రోజులుంది. వేసేటప్పుడు ఒకరు చేతులు, ఒకరు కాళ్లు పట్టుకోవాలి.