నడిచి నడిచి పడవ రేవుకి

మైన్‌హెడ్‌లో మొదటి అడుగు వేసినప్పుడు చిన్నాడికి అయిదేళ్లు. ఇంగ్లండ్ నైరుతి తీరం వెంట సాగే ఈ కాలిబాట, సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్, మొత్తం 1,014 కిలోమీటర్లని వాడికి చెప్పలేదు, చెబితే అక్కడే కూలబడేవాడు. బడి సెలవులప్పుడు నాలుగేసి రోజులు, అయిదేసి రోజులు నడుస్తూ ఆరేళ్లు పట్టింది. మొన్న పూల్ హార్బర్ ఒడ్డున సౌత్ హేవెన్ పాయింట్ దగ్గర పూర్తయింది.

సముద్రం పక్కన దారి కదా, చదునుగా ఉంటుందనుకుని బయల్దేరాను. ఒకప్పుడు దొంగసరుకు దింపేవాళ్లను పట్టుకోవడానికి కోస్ట్‌గార్డులు గస్తీ తిరిగిన బాట ఇది. ప్రతి మూలలోకీ తొంగిచూడాలి కాబట్టి ఏ కొండనూ వదలదు. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే ఎవరెస్టుకు దాదాపు నాలుగింతలు. నా మోకాళ్లకు ఆ లెక్క ముందే తెలుసు.

కాళ్లకు విశ్రాంతి దొరికిందంటే జంతువుల పుణ్యమే. ఒక అక్టోబరులో కార్న్‌వాల్‌లోని గొడ్రీవీ దగ్గర కొండ అంచున బోర్లా పడుకుని సీల్‌లను చూశాం. సీల్ పిల్ల పుట్టినప్పుడు ఒళ్లంతా తెల్లటి బొచ్చు. తల్లి మూడు వారాలపాటు వెన్నలాంటి చిక్కటి పాలిచ్చి, ఆ తర్వాత సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇక పిల్ల బతుకు పిల్లదే.

"మూడు వారాలేనా?" అన్నాడు చిన్నాడు, జాలిగా.

"మనమ్మ పదిహేనేళ్లయినా స్వెటర్ వేసుకున్నావా అని అడుగుతోంది," అంది పెద్దది. వేసుకోలేదు కనకే అడిగాను.

కార్న్‌వాల్‌లోనే లిజార్డ్ అనే చోట చఫ్ పక్షులు కనిపించాయి. అచ్చం కాకే, ముక్కూ కాళ్లూ మాత్రం ఎర్రగా, పారాణి పెట్టుకున్నట్టు. కార్న్‌వాల్‌లో మిగిలిన చివరి చఫ్ 1973లో చచ్చిపోయింది. మళ్లీ 2001లో, ఎవరూ తెచ్చి వదలకుండానే, కొన్ని వచ్చి లిజార్డ్‌లో వాలాయి, మరుసటి ఏడు గూడు కట్టాయి. నాకు గొంతు పట్టేసింది. "చూశారా, ఎన్నేళ్లయినా సొంతగూటికి తిరిగొచ్చాయి," అన్నాను. నా మనసులో ఏముందో వేరే చెప్పాలా?

పెద్దది నా కేసి తిరిగింది. "అమ్మా, వెళ్లినవి రాలేదు. అవి చచ్చిపోయాయి. ఇవి వేరేవి. డీఎన్ఏ ఐర్లండ్ పక్షులతో కలిసిందట. ఇక్కడ గడ్డి పొట్టిగా ఉంది, పురుగులు దొరికాయి, ఉండిపోయాయి. అంతే."

అరగంట దాకా నేనేమీ మాట్లాడలేదు. ఎక్కుడు దారి కూడా అనుకోండి.

ఆఖరి రోజు స్టడ్‌ల్యాండ్ ఇసుకలో నడుస్తుండగా మా అమ్మ వీడియో కాల్ చేసింది. నీళ్లలో ఒక గుంజ మీద కార్మొరెంట్ రెక్కలు రెండూ చాపుకుని నిలబడి ఉంది. చిన్నాడు ఫోన్ అటు తిప్పి పాఠం మొదలుపెట్టాడు: దాని ఈకలు తడుస్తాయి, తడిస్తేనే లోతుకు మునగడం తేలిక, అందుకే బయటికొచ్చాక ఆరబెట్టుకుంటుంది...

"నీటికాకి రా నాన్నా అది! మా చెరువు గట్టున తుమ్మచెట్టు నిండా ఇవే. రెక్కలు ఆరేసుకుంటూ కూర్చునేవి."

వాడు నమ్మలేదు. ఫోన్‌లో వెతికితే ఈ జాతి మనవైపూ ఉందని తేలింది. తన పక్షుల పుస్తకంలో ఆ బొమ్మ పక్కన 'నీటికాకి' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. నేను తెలుగులో రాసిస్తానంటే, చోటు లేదన్నాడు.

"ఇంకెంత దూరం?" అంది అమ్మ.

"అయిపోయింది అమ్మమ్మా, ఇదే చివర."

"ఏముందే అక్కడ, గుడా?"

పెద్దది చుట్టూ చూసింది. "పడవ రేవు. అవతలి ఒడ్డుకి వెళ్లే ఫెర్రీ."

"ఆరేళ్లు నడిచింది పడవెక్కడానికా!" అని అమ్మ ఒకటే నవ్వు.