ఎడమ చెవి పోయింది, జేబులో రెండు వేలే ఉన్నాయి

ఆ మధ్య ఒక రాత్రి కంప్యూటర్‌లో వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడుతుంటే ఎడమ పక్క నుంచి ఒకడు తాపీగా నడుచుకుంటూ వచ్చి నన్ను లేపేశాడు. "అడుగుల సప్పుడు వినవడ్తలేదా మామా?" అని మా అక్క కొడుకు అరుపు. నిజంగానే వినపడలేదు. హెడ్‌సెట్ ఎడమ చెవి పోయి అప్పటికే రెండు రోజులైంది, వైరు ఒక పద్ధతిలో మడిచి మోకాలి కింద పెట్టుకుంటే వస్తుంది, మోకాలు కదిలితే పోతుంది. కొని 14 నెలలు. వారంటీ ఏడాదే. ఇవి తేదీ చూసుకునే చస్తాయి అనిపిస్తుంది నాకు.

ముందు ఫోన్‌కు పెట్టి చూశాను, తప్పు సిస్టమ్‌దా హెడ్‌సెట్‌దా తేలాలి గదా. ఫోన్‌లోనూ అదే కథ. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక మొబైల్ రిపేర్ అన్నకు ఇస్తే జాక్ కాడికి వైరు కోసి కొత్త జాక్ పెట్టి 120 తీసుకున్నాడు. లోపల వెంట్రుకల్లాంటి నాలుగు వైర్లుంటాయి: ఎడమ, కుడి, మైకు, గ్రౌండు. వాటి మీద రంగు పూతలా సన్నటి పొర ఉంటుంది, దాన్ని కాల్చకుండా సోల్డరింగ్ చేస్తే అంటినట్టే ఉంటుంది గానీ అంటదు. ఆయన లైటర్‌తో కాల్చి మంచిగానే చేశాడు. మూడు వారాలు నడిచింది. తర్వాత వైరు చెవి కప్పులోకి వెళ్లే చోట తెగింది, ఇక మళ్లీ పోలేదు నేను.

కొత్తది కొందామని ఒక షాపుకు పోయాను. రెండు వేలు అనగానే రంగురంగుల లైట్లు వెలిగేది ఒకటి తీసి పెట్టాడు. "అన్నా, ఇది సెవెన్ పాయింట్ వన్, నలుదిక్కులా వినవడ్తది." అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, బేస్‌కు ఇంకోటి ఉన్నట్టు వినపడుతుందని. నాకు నవ్వొచ్చింది. ఆ ధరలో దొరికే వాటిల్లో చెవికి ఒక్క డ్రైవర్, అంటే లోపలి చిన్న స్పీకర్, చొప్పున రెండే ఉంటాయి, మిగతా స్పీకర్లన్నీ సాఫ్ట్‌వేర్ సృష్టే. శబ్దం ఏ పక్క నుంచి వచ్చిందో మనకు తెలిసేది ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త వెనక చేరడం వల్ల, ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాంతోపాటు తల అడ్డం వచ్చి ఒక వైపు శబ్దం కొంచెం తగ్గుతుంది, చెవి డొప్ప ఆకారం వల్ల కొంచెం మారుతుంది. ఈ లెక్కంతా వాలరెంట్ తనే చేసి ఇస్తుంది, ఆడియో సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది, అది ఆన్ చేసి మామూలు స్టీరియో పెట్టుకుంటే చాలు. దాని మీద హెడ్‌సెట్ కంపెనీ ఇచ్చే 7.1 కూడా వేస్తే ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేసినట్టు, శత్రువు ముందున్నాడో వెనకున్నాడో కూడా తెలియదు.

లైట్లయితే నాకు కనపడవు కూడా, తల మీద పెట్టుకునేది గదా. పైగా వాటికోసం యూఎస్‌బీ వైరు ఇంకోటి.

ధర కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఎండ. వరంగల్‌లో మే నెల, 42, 43 డిగ్రీలు, రాత్రి పదకొండుకు కూడా గోడ మీద చెయ్యి పెడితే వేడి. ఆ రెగ్జిన్ కుషన్లు చెవులకు గట్టిగా పట్టుకుంటే గంటలో చెమట, కళ్లద్దాల కాడలు కణతల మీద నొక్కుకుని తలనొప్పి. నా పాతదాని కుషన్లు చెమటకు పొరలు పొరలుగా లేచి చెవుల చుట్టూ నల్ల పొట్టు అంటేది, అద్దంలో చూసుకోకుండా కిరాణా షాపుకు పోయి నవ్వులపాలైన రోజులున్నాయి. చెవులను కప్పే పెద్ద హెడ్‌సెట్టే కొనాలనుకుంటే బరువు 300 గ్రాముల లోపు, గుడ్డ కుషన్లు, ఊడదీసి వేరేవి వేసుకునే వీలు, ఈ మూడూ చూడండి. పెట్టె మీద 50 ఎంఎం డ్రైవర్లు అని పెద్దగా రాస్తారు, 40 ఎంఎం మంచివి దాన్ని మించి వినపడతాయి, ఆ నంబర్‌తో ఏమీ తేలదు.

బ్లూటూత్ వద్దు. మామూలు బ్లూటూత్‌లో 150, 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, పాటలకు తెలియదు, ఆటలో మాత్రం తుపాకీ పేలాక తీరిగ్గా వినపడుతుంది. మైకు ఆన్ చేస్తే క్వాలిటీ పాత ల్యాండ్‌లైన్ స్థాయికి పడిపోతుంది. కంప్యూటర్‌కు గుచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క, అదే డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బాగుంటుంది గానీ రెండు వేలలో మంచిది నాకు కనపడలేదు.

చివరికి ఏం చేశానంటే హెడ్‌సెట్టే కొనలేదు. చెవిలో పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్లు, కేజెడ్ అనే కంపెనీవి, వెయ్యి రూపాయల లోపు తీసుకున్నాను. వీటి వైరు ఇయర్‌ఫోన్ దగ్గర పిన్నులతో ఊడివస్తుంది, తెగితే వైరు ఒక్కటే మార్చుకోవచ్చు, ఈసారి వైరు దగ్గరే దెబ్బ తిన్నాను కాబట్టి నాకు అదే పెద్ద సంగతి. చెవుల మీద బరువు లేదు, చెమట లేదు, అద్దాలకు అడ్డం లేదు. అడుగుల చప్పుడు పాతదానికన్నా స్పష్టం. రబ్బరు టిప్పులు మూడు సైజుల్లో వస్తాయి, సరైనది పెట్టుకోకపోతే బేస్ మొత్తం పోతుంది, చాలామంది "సౌండ్ లేదు" అని తిట్టేది ఇందుకే.

ఒక చిక్కు: నా సీపీయూకు మైకుకు ఒకటి, సౌండ్‌కు ఒకటి, రెండు జాక్‌లు, ఇయర్‌ఫోన్లకు ఒకటే. ఆ ఒక్కదాన్ని రెండుగా విడదీసే చిన్న వైరు, వై స్ప్లిటర్ కావాలి. ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్లకు చాలావరకు ఆ బాధ లేదు.

ఇంకో చిక్కు బయట శబ్దం అసలు వినపడకపోవడం. అమ్మ అన్నానికి నాలుగుసార్లు పిలిచి, ఐదోసారి వచ్చి స్విచ్ ఆపేసింది. అదీ ర్యాంకు లెక్కలోకి వచ్చే ర్యాంక్డ్ మ్యాచ్. ఏమనగలను.

మైకు మాత్రం ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. వైరు మీదున్న చిన్న మైకు గల్లా దగ్గర వేలాడుతూ నా మాట కన్నా కూలర్ మోతనే ఎక్కువ పట్టుకుంటుంది, పాత హెడ్‌సెట్ మైకు నోటి ముందు ఉండేది కాబట్టి ఇంత లేదు. ఆడుతూ మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో చప్పుడు తగ్గించే క్రిస్ప్ ఆన్ చేస్తే మోత పోతుంది, ఆటలోని వాయిస్ చాట్‌లో అది పనిచేయదు. మిగిలిన డబ్బులతో కాలర్‌కు పెట్టుకునే మైకు ఒకటి తీసుకుందామా అని చూస్తున్నా, లేదంటే కూలర్ దింపే దాకా మా అక్క కొడుకు "మామా, నువ్వు హెలికాప్టర్‌లకెళ్లి మాట్లాడుతున్నవా?" అంటూనే ఉంటాడు.