ఫారం 8

పొద్దున్నే మోటారు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి వెళ్లేసరికి పదకొండు. ఆదివారమంతా బకెట్లతోనే గడిచిపోతుందేమో అనుకుంటుంటే వాచ్‌మన్ అన్న, వెనకాలే ఆయన భార్య వచ్చారు.

"మేడమ్, ఓటు ఈడికి మార్చుకోవాలె. ఫోన్ల జర చేసిస్తరా?"

నాకు ఆశ్చర్యమేసింది. గ్యాస్ బండ, ఆధార్ ఎప్పుడో ఇక్కడికి, హైదరాబాద్‌కి మారాయి. వనపర్తి దగ్గరి ఆ ఊళ్లో మిగిలింది ఓటొక్కటే. సర్పంచ్ ఎలక్షన్లొస్తే పోటీలో ఉన్నవాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తారు, బస్సు చార్జీలిస్తారు. ఆ నాలుగు రోజులూ ఈయన నడకే వేరు.

ఒక్కరోజులో ఇంటింటి లెక్కా తీసిన 2014 ఆగస్టు 19 సమగ్ర సర్వేకి ఇంటిల్లిపాదీ బస్సులో నిలబడి ఊరెళ్లారు. అక్కడ లెక్కలో లేకపోతే రేషన్ కార్డు పోతుందని భయం. 2024 నవంబరు సర్వేకి మాత్రం ఇక్కడే చెప్పారు. సెల్లార్ గది తలుపు మీద ఆ స్టిక్కర్ ఇంకా ఉంది, సగం చిరిగి.

"కల్వకుర్తి కాలువ నీళ్లొచ్చినయి కదన్నా, బోరు ఎండిపోయిందనే కదా వచ్చారు?" అన్నాను.

"నీళ్లొచ్చినయి మేడమ్. ఎకరంనర అన్న చేస్తుండు. ఇద్దరం పోయి ఆ ఎకరంనర మీదనే పడితే ఎట్ల?"

ఆమె అందుకుంది: "ఊళ్ల ఉంటే కూలి పైసలు మా అత్త చేతికిస్తుంటి. ఈడ అయిదిండ్ల పని. నా పైసలు నా చేతిల ఉంటయి. బిడ్డ కోఠి ఉమెన్స్ కాలేజీకి బస్సుల జీరో టికెట్ మీద పైసల్లేకుండ పోతుంది. ఊళ్ల ఉంటే ఇప్పటికి పెండ్లి చేస్తుంటిమి."

కరువు తరిమితే వచ్చారు, నిజమే. ఉండిపోవడానికి కారణాలు మాత్రం ఒక్కొక్కటీ ఇక్కడే పుట్టాయి.

1999లో సూర్యాపేట నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో దిగిన నన్ను, ఎందుకు వెనక్కి పోలేదని ఒక్కరూ అడగలేదు. నేనుండిపోతే 'సెటిలైంది' అన్నారు. వీళ్లుండిపోతే వలస. ఆ ప్రశ్న వేసినందుకు కొంచెం సిగ్గేసింది కూడా.

ఇల్లు మారితే నింపేది ఫారం 8. పాత కార్డు నంబరు కొట్టాను. చిరునామా ఆధార్‌లో ఉన్నట్టే: వాచ్‌మన్ రూమ్, సెల్లార్. అంతా అయ్యాక ఆయన మెల్లగా అడిగాడు.

"ఇగ సర్పంచ్ ఎలక్షన్లకు పిలవరు గదా?"

"ఓటు లేకపోతే ఎందుకు పిలుస్తారన్నా?"

ఆయనేమీ మాట్లాడలేదు. "దసరాకు మనమే పోతం. మీరు నొక్కుండ్రి మేడమ్" అంది ఆమె.

నొక్కాను. వచ్చిన నంబరును ఆయన మెకానిక్ బిల్లు వెనకాల రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైన ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు వినిపించి పరుగెత్తాడు.