కాపర్‌లో దిగాను

జైపూర్ సింధీ క్యాంప్ బస్టాండులో కండక్టరు "కాపర్, కాపర్" అని కేకలు వేస్తుంటే నాకు మొదట అర్థం కాలేదు. నేను వెళ్ళవలసింది ఖేత్రీ నగర్. రాగి గనుల కోసం కట్టిన ఆ టౌన్‌షిప్‌ను అక్కడివాళ్ళు ఊరి పేరుతో కాక లోహం పేరుతోనే పిలుస్తారని బస్సెక్కాక తెలిసింది. వెనుక సీట్లో ఒకావిడ "మా అక్కను కాపర్‌లో ఇచ్చాం" అని చెబుతుంటే, ఒక లోహం మనుషుల నోట ఇంతగా ఊరైపోవడం నాకు ఎంతో నచ్చింది.

నీమ్ కా థానాలో ఒక తలపాగా పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా భూమి అడుగున డ్రిల్లింగ్ పని చేసి రిటైరైన మనిషి. అక్కడికి దగ్గరలోని గణేశ్వర్ తవ్వకాలలో 4,000 ఏళ్ళకు పైబడిన రాగి బాణపు మొనలు, చేపల గాలాలు వందలకొద్దీ దొరికాయని నేను చదివిన సంగతి చెప్పగానే, ఆయన కిటికీలోంచి ఆరావళి కొండలను చూపించి, "మాకంటే ముందు మా తాతల తాతలు తవ్వారు బాబూ, వాళ్ళ పాత బొరియలు ఈ కొండల్లో ఇంకా ఉన్నాయి" అన్నారు.

కాపర్‌లో దిగిన మొదటి పూట చికాకుగానే గడిచింది. లాడ్జిలో గదికి 1,800 తీసుకుని వేడినీళ్ళు కూడా ఇవ్వలేదు. గనిలోకి బయటివాళ్ళను పంపరు కనుక గేటు దగ్గరే ఆగిపోయాను. ఖనిజాన్ని కరిగించి రాగి తీసే ఇక్కడి స్మెల్టర్‌లో పని 2008లోనే ఆగిపోయింది. ఇప్పుడు రాయిని తవ్వి, పిండిచేసి, నురుగు మీద తేల్చి, వేరుపడిన ఖనిజపు పొడిని కరిగించడానికి బయటికి పంపుతారు. ఇంత దూరం వచ్చి ఎర్రటి రాగిని కంటితో చూడకుండానే వెనుదిరగాలా అని మనసు కష్టపెట్టుకున్నాను.

సాయంత్రం పెద్దాయన ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, గూట్లోంచి గుప్పెడంత రాయి తీశారు. బూడిదరంగులో ఉన్న ఆ రాయి మీద చెంబుతో నీళ్ళు పోయగానే పసుపుపచ్చని మెరుపులు పైకి తేలాయి. అది రాగి, ఇనుము, గంధకం కలిసిన చాల్కోపైరైట్. ఆయన ఒక ఇనుప మేకు తీసుకుని ఆ మెరుపు మీద గీశారు. గీత పడింది, రాలిన పొడి ఆకుపచ్చ కలిసిన నలుపు. "మేకుకు లొంగకపోతే అది ఇనుపరాయి, బాబూ. మెరుపు చూసి మోసపోకూడదు" అన్నారు. ఇక్కడి రాయిలో రాగి నూటికి ఒక పాలు అటూ ఇటూ ఉంటుందని, కిలో రాగికి వంద కిలోల రాయి పైకి రావాలని చెప్పారు.

అప్పుడు నాకు వినుకొండ దగ్గర మా పొలం గుర్తుకొచ్చింది. ఒక ఎండాకాలం బోరు మోటారు కాలిపోతే నాన్న దాన్ని వైండింగ్ షాపుకు తీసుకువెళ్ళారు. మేస్త్రీ నల్లబడిన పాత తీగను లాగి కాటా వేసి, బిల్లులో తగ్గించి, సుమారు నాలుగు కిలోల కొత్త తీగ చుట్టాడు. అంటే ఆ ఒక్క మోటారు వెనుక నాలుగు క్వింటాళ్ళ రాయి ఉంది, మేము గుంటూరు యార్డుకు వేసే మిరప టిక్కీలు, అంటే బస్తాలు, పదింటి బరువు. మరుసటి ఏడు దొంగలు ట్రాన్స్‌ఫార్మర్‌ను పగలగొట్టి లోపలి రాగి ఎత్తుకుపోతే, కొత్తది వచ్చేలోపు చేలో కాయ ఎండిపోయింది. ఆ నాలుగు వారాలు నాన్న సరిగా అన్నం తినలేదు.

ఈ లోహం అవసరం ఇంకా పెరుగుతోంది. పెట్రోలు కారులో 20 కిలోలకు కొంచెం పైన రాగి ఉంటే, విద్యుత్ కారులో సుమారు 80 కిలోలు ఉంటుంది. ఈ గని లెక్కలో అది 8 టన్నుల రాయి. 2018లో తూత్తుకుడి స్మెల్టర్ మూతపడ్డాక మన దేశం శుద్ధిచేసిన రాగిని ఎగుమతి కంటే ఎక్కువగా దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఇంత గిరాకీ ఉన్న లోహం పేరు పెట్టుకున్న ఊళ్ళో ఇన్ని క్వార్టర్లకు తాళాలు వేలాడుతుండడం నాకు చాలా బాధ కలిగించింది.

మా వైపు అగ్నిగుండాల కొండల్లోనూ రాగి ఉందని మాటల్లో చెప్పాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. రాయి ఏ రంగు, మీద పచ్చని మరక ఉంటుందా, గుంతలో నీళ్ళు నిలుస్తాయా అని వరసగా అడిగారు. పుట్టి పెరిగింది అక్కడే అయినా ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉదయం బస్సు దగ్గరికి వచ్చి ఆ రాయినీ, కాగితంలో చుట్టిన మేకునూ నా చేతిలో పెట్టి, "మీ కొండ మీద గీసి చూసి, పొడి ఏ రంగులో వచ్చిందో ఫోన్ చేసి చెప్పు" అన్నారు.